పిడి లేని బరువు: ఇసుక సంచితో పనికొచ్చే బలం

టాపిక్‌లోకి వెళ్ళే ముందు ఒక చిన్న ప్రశ్న. మీ ఇంట్లో గ్యాస్ సిలిండర్ ఎంత బరువుంటుందో ఎప్పుడైనా లెక్కేశారా?

లోపల గ్యాస్ 14.2 కిలోలు. ఖాళీ సిలిండర్ బరువు ఎంతో దాని మీదే పెయింట్‌తో రాసి ఉంటుంది, మామూలుగా 15 కిలోల పైమాటే. రెండూ కలిపితే దాదాపు 30 కిలోలు. జిమ్‌కి వెళ్ళేవాళ్ళకి 30 కిలోలంటే వార్మప్. కానీ అదే 30 కిలోల సిలిండర్‌ని లిఫ్ట్ లేని బిల్డింగ్‌లో మూడో అంతస్తుకి మోయమంటే, రెండో అంతస్తులోనే చాలామంది ఆగిపోతారు. మోకాళ్ళకి కొట్టుకుంటుంది, ఒక పక్కకి లాగేస్తుంది, మెట్ల మలుపులో తిరగడానికి ఉండదు.

బరువు అదే. మనిషీ అదే. మరి తేడా ఎక్కడుంది? ఈ ఎపిసోడ్ మొత్తం ఆ తేడా గురించే. దాన్ని ఇంట్లోనే, తక్కువ ఖర్చులో, ఒక ఇసుక సంచితో ఎలా పూడ్చుకోవాలో చెప్తాను. సంచి ఎలా తయారు చేసుకోవాలి, ఏ ఐదు వ్యాయామాలు చేయాలి, ఎనిమిది వారాల ప్లాన్, ఎవరు చేయకూడదు, అన్నీ ఉంటాయి.

ఎత్తడానికే పుట్టిన వస్తువు, అలా పుట్టనిది

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. ఆ స్థాయి బరువు ఎత్తాలంటే దానికి బార్‌బెల్ కావాల్సిందే. ఎందుకంటే బార్‌బెల్ ఎత్తడానికే పుట్టిన వస్తువు. పోటీల్లో మగవాళ్ళ బార్ 20 కిలోలు, 28 మిల్లీమీటర్ల మందం. ఆడవాళ్ళది 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. చేతిలో సరిగ్గా ఇమిడిపోవాలని అంత లెక్కగా చేస్తారు. రెండు వైపులా బరువు సమానం. మీరు కదిలితేనే అది కదులుతుంది.

ఇప్పుడు ఇంట్లో మనం ఎత్తే వస్తువుల్ని చూడండి. 26 కిలోల బియ్యం బస్తా. నీళ్ళ క్యాన్. మంచం. వాషింగ్ మెషిన్. నిద్రపోయిన పిల్లాడు. వీటిలో ఏదీ మన చేతి కొలతకి తయారు కాలేదు. కొన్నింటికి పిడి ఉండదు, ఉన్నా తప్పు చోట ఉంటుంది. కొన్ని ఎత్తుతుండగానే జారిపోతాయి.

ఇసుక సంచి సరిగ్గా ఇలాంటిదే. ఎత్తగానే లోపలి ఇసుక కిందికి జారుతుంది. ఒక పక్క బరువెక్కుతుంది. పట్టుకోవడానికి పిడి లేదు కాబట్టి వేళ్ళు, ముంజేతులు, వీపు పైభాగం అన్నీ పని చేయాలి. బరువు మన ముందు వేలాడుతుంది కాబట్టి మనల్ని ముందుకి వంచేయాలని చూస్తుంది. వంగకుండా నిలబెట్టేది పొట్ట చుట్టూ ఉన్న కండరాలు, నడుం, పిరుదులు. ఒక్క భుజం మీద పెట్టుకుంటే ఒంటిని పక్కకి వంచబోతుంది, అప్పుడు రెండో పక్క కండరాలు ఆపాలి. ఇవన్నీ ఒకేసారి జరుగుతాయి. ఫంక్షనల్ స్ట్రెంగ్త్ అని జిమ్ భాషలో పెద్ద మాట వాడతారు కానీ, అర్థం ఇంతే: పనికొచ్చే బలం.

ఇదేం విదేశీ ఫ్యాషన్ కాదండీ. రాయలసీమ వైపు జాతరల్లో, పండగల్లో గుండు ఎత్తడం, బండి ఇరుసు ఎత్తడం, ఇసుక బస్తా ఎత్తడం లాంటి పోటీలు చూసే ఉంటారు. ఆ నున్నటి రాతి గుండుకి పిడి ఎక్కడిది? ముందు ఒడిలోకి తెచ్చుకుంటారు, తర్వాత ఛాతీకి హత్తుకుంటారు, ఆ తర్వాతే భుజానికి. ఈరోజు మనం నేర్చుకునే క్రమం కూడా ఇదే.

ఇది అసలు ఎవరికి అవసరం?

ఇది మా ఇంట్లో జరిగిన విషయం. మా తాతయ్యకి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. బరువు 58 కిలోలు. రోజుకి నాలుగైదుసార్లు మంచం మీంచి వీల్‌చైర్‌లోకి, వీల్‌చైర్ నుంచి బాత్రూమ్‌కి. నాన్న డ్యూటీకి, నేను పనికి వెళ్ళిపోతే ఆ లేపడం, దించడం అంతా అమ్మే. అమ్మకి అప్పుడు 48 ఏళ్ళు. ఆమె ఎప్పుడూ జిమ్ గడప తొక్కలేదు. కానీ మా ఇంట్లో అందరికంటే ఎక్కువ డెడ్‌లిఫ్టులు చేసింది ఆమే. రెండు నెలలు తిరక్కుండా నడుం నొప్పి మొదలైంది.

మనిషిని లేపడం బార్‌బెల్ ఎత్తినట్టు ఉండదు. ఒక పక్క వదులుగా ఉంటుంది, బరువు జారుతుంది, పైగా నొప్పి పుడుతుందేమో అని మనకి భయం. ఇంటికొచ్చిన ఫిజియోథెరపిస్టు గారు మాకు పద్ధతి నేర్పారు. కుర్చీని ఆయనకి బలంగా ఉన్న పక్కన, మంచానికి దగ్గరగా పెట్టాలి, బ్రేకులు వేయాలి. ఆయన పాదాలు నేలకి ఆనాలి. పడిపోయిన చేతిని పట్టుకుని అస్సలు లాగకూడదు, ఆ భుజం కీలు జారే ప్రమాదం ఉంది. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి, ఆ బెల్టు పట్టుకుని, మన ఛాతీకి దగ్గరగా తెచ్చుకుని, ఒకటి, రెండు, మూడు అని చెప్పి లేవాలి.

పద్ధతి వచ్చాక సగం కష్టం తగ్గింది. మిగతా సగానికి బలం కావాలి కదా. అందుకే, నొప్పి తగ్గి ఫిజియో గారు సరే అన్నాక, అమ్మకి 8 కిలోల సంచి ఒకటి కుట్టించా. మొదటి రోజు నవ్వింది. నాలుగు నెలల్లో అది 16 కిలోలైంది. తాతయ్యని లేపేటప్పుడు ఇప్పుడు అమ్మ మొహంలో ఆ బిగుతు లేదు. తాతయ్యకి కూడా ధైర్యం వచ్చింది. పట్టుకునే మనిషి చేతులు వణకడం లేదని ఆయనకి తెలుస్తుంది కదా.

అందుకే సిక్స్ ప్యాక్ కోసం వచ్చినవాళ్ళకే కాదు, ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ ఎపిసోడ్ చెప్తున్నా. ఒక ముఖ్యమైన మాట. పెద్దవాళ్ళు కింద పడి, తుంటి దగ్గర నొప్పి అంటున్నా, ఒక కాలు పొట్టిగా అయినట్టో బయటికి తిరిగినట్టో కనిపించినా మీరు లేపకండి. ఎముక విరిగి ఉండొచ్చు. అలాగే ఉంచి 108కి ఫోన్ చేయండి. ఎప్పుడు ఎత్తకూడదో తెలియడం కూడా బలంలో భాగమే.

25 సెంటీమీటర్ల లెక్క

నడుం ఎందుకు పడుతుందో ఒక చిన్న లెక్కలో చెప్తాను. అమెరికాలో పనిచోట భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే నయోష్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. చేత్తో బరువులెత్తే కార్మికుల కోసం వాళ్ళు ఒక ఫార్ములా తయారు చేశారు. అన్నీ అనుకూలంగా ఉంటే, అంటే మంచి పట్టు, సరైన ఎత్తు, మెలి తిరగకుండా ఉంటే, సిఫారసు చేసే బరువు 23 కిలోలు. అనుకూలం అంటే ఏంటి? బరువు పట్టుకున్న చేతులు, మన రెండు చీలమండల మధ్య నుంచి ముందుకి 25 సెంటీమీటర్లలోపే ఉండాలి.

ఇప్పుడు అదే బరువుని 50 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నామనుకోండి. ఫార్ములా ప్రకారం 25ని 50తో భాగించాలి, సగం వస్తుంది. అంటే 23 కాస్తా పదకొండున్నర కిలోలైపోయింది. జస్ట్ ఒక అడుగు కంటే తక్కువ దూరం జరిగినందుకు! పట్టు సరిగ్గా లేకపోతే ఇంకో పది శాతం కోత. నడుం మెలితిప్పితే ఇంకా కోత.

ఇది రోజంతా పని చేసేవాళ్ళ కోసం పెట్టిన లెక్క, మన వ్యాయామానికి పరిమితి కాదు. కానీ పాఠం మాత్రం మనకీ వర్తిస్తుంది. బరువు ఎంత అన్నది ఎంత ముఖ్యమో, ఒంటికి ఎంత దగ్గరగా ఉంది అన్నది అంతే ముఖ్యం. ఇసుక సంచి ఈ పాఠాన్ని మాటల్లో చెప్పదు. దూరంగా పట్టుకుంటే మీరు ఎత్తలేరు, అంతే. హత్తుకుంటేనే లేస్తుంది.

మరి హమాలీలకి మోకాళ్ళు ఎందుకు అరుగుతాయి?

ఇక్కడ మీకో డౌట్ రావాలి. బస్తాలెత్తితే బలం వచ్చేటట్టయితే, మార్కెట్ యార్డుల్లో, రైస్ మిల్లుల్లో పనిచేసే హమాలీలు అందరికంటే ఆరోగ్యంగా ఉండాలి కదా? వాళ్ళలో నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి లేనివాళ్ళు ఎంతమంది?

మా దగ్గరి మార్కెట్ యార్డులో ఒక పెద్దాయనతో మాట్లాడా. యాభై దాటాయి. నేను ఇసుక సంచితో చేసే వీడియో చూపిస్తే పగలబడి నవ్వాడు. "మేం కూలి ఇస్తే మోస్తాం, నువ్వు ఊరికే మోస్తున్నావా బాబూ" అన్నాడు. తర్వాత తన మోకాలు చూపించాడు, వాచి ఉంది.

లెక్క చూద్దాం. ఒక లారీకి పది టన్నుల లోడంటే 50 కిలోల బస్తాలు 200. నలుగురు పంచుకుంటే మనిషికి 50 బస్తాలు, అంటే రెండున్నర టన్నులు. అది ఒక్క లారీకే. కూలి బస్తా లెక్కన వస్తుంది కాబట్టి, ఈరోజు ఒళ్ళు బాగోలేదని 20 కిలోల బస్తా ఇవ్వమని అడగలేడు. రేపు రెస్ట్ డే అనలేడు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే, ఒక మగ కార్మికుడు మోసే గరిష్ఠ బరువు 55 కిలోల కంటే ఎక్కువ ఉన్నచోట, వీలైనంత త్వరగా దాన్ని 55కి తగ్గించాలని సిఫారసు చేసింది. ఆ తర్వాత కూడా మన దగ్గర క్వింటా బస్తాలు మోసినవాళ్ళు ఇప్పటికీ మన ఊళ్ళలో కనిపిస్తారు.

మనం వారానికి మూడు రోజులు, 35 నిమిషాలు, మనం ఎంచుకున్న బరువుతో చేస్తాం. మధ్యలో ఒక రోజు విశ్రాంతి. రాత్రి నిద్ర. ప్లేట్లో పప్పో, గుడ్డో ఉంటుంది. బలం ఎత్తేటప్పుడు పెరగదు ఫ్రెండ్స్, ఎత్తాక తీసుకునే విశ్రాంతిలో పెరుగుతుంది. అదే బస్తా ఒకరిని నిలబెడుతుంది, ఇంకొకరిని అరగదీస్తుంది. తేడా మోసేవాడికి ఆపే హక్కు ఉందా లేదా అన్న దాంట్లో ఉంది. మనకి ఆ హక్కు ఉంది కాబట్టి దాన్ని వాడుకుందాం. నొప్పిని భరించి చేయడం గొప్ప అనుకోవద్దు.

ఆ పెద్దాయన నాకు ఒక మంచి మాట చెప్పాడు. బస్తా ఎత్తే ముందు బస్తాని చూడొద్దట, నడిచే దారి చూడాలట. ఎక్కడ తడి ఉంది, ఎక్కడ గడప ఉంది, ఎక్కడ దించాలి అని. ఇది ఏ కోచింగ్ సర్టిఫికెట్‌కీ తీసిపోదు.

సంచి తయారీ

ఇక పనిలోకి దిగుదాం. పైన ఒక గట్టి సంచి కావాలి. పాత ట్రావెల్ బ్యాగో, జిప్ గట్టిగా ఉన్న డఫెల్ బ్యాగో ఉంటే చాలు. లేకపోతే బ్యాగులు కుట్టే షాపులో మందపాటి క్యాన్వాస్‌తో గుండ్రటి దిండు ఆకారంలో కుట్టించుకోండి, కుట్లు డబుల్ వేయమనండి. బియ్యం బస్తా ఒక్కటే వాడొద్దు. రెండు మూడు సార్లు పడేస్తే పిగిలిపోతుంది, చేతులు కూడా గీరుకుపోతాయి.

లోపల ఇసుకని నేరుగా పోయకండి. చిన్న చిన్న ప్యాకెట్లు చేయండి. మందపాటి పాలిథిన్ కవర్, దాని మీద ఇంకో కవర్, మూతి మెలితిప్పి ప్లాస్టర్ టేపుతో చుట్టేయాలి. పాత జీన్స్ ప్యాంటు కాళ్ళు కత్తిరించి, ఒక చివర కుట్టేసి, కవర్‌ని అందులో పెడితే ఇంకా గట్టిగా ఉంటుంది. రెండు కిలోలవి నాలుగు, నాలుగు కిలోలవి నాలుగు చేసుకుంటే మొత్తం 24 కిలోల దాకా ఎటు కావాలంటే అటు మార్చుకోవచ్చు. 30 కిలోల దాకా వెళ్ళాలనుకునేవాళ్ళు తర్వాత ఇంకో రెండు ప్యాకెట్లు కలుపుకోండి.

ప్యాకెట్‌ని నిండా నింపొద్దు. ముప్పావు వంతు చాలు. ఇసుక లోపల కదలాలి, ఆ కదలికే మన టీచర్. సంచి మరీ చిన్నగా, గుప్పెడుగా అనిపిస్తే ఒక ప్యాకెట్‌లో వరి ఊక నింపి కలపండి. బరువు పెరగదు, సైజు పెరుగుతుంది.

ఇసుక ఎంత కావాలి? పొడి ఇసుక లీటరుకి సుమారు 1.6 కిలోలు తూగుతుంది. లీటర్ వాటర్ బాటిల్‌తో పది బాటిళ్ళు పోస్తే 16 కిలోల చిల్లర. తడి ఇసుక ఇంకా ఎక్కువ తూగుతుంది, పైగా లోపల బూజు పట్టి వాసన వస్తుంది. అందుకే ఏటి ఇసుకని కడిగి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టి వాడండి. రోడ్డు పక్క గుట్ట మీది ఇసుకైతే కడగడం తప్పనిసరి, వీధి పిల్లులు దాన్ని దేనికి వాడతాయో మీకు తెలుసు. రోబో శాండ్ వద్దు. అది రాయి పిండి చేసింది, సన్నటి దుమ్ము ఎక్కువ. ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఏ ఇసుకైనా సరే, నింపేటప్పుడు బయట నింపండి, ముక్కుకి మాస్క్ పెట్టుకోండి. ప్యాకెట్ చిరిగితే ఆ రోజే మార్చేయండి.

తూకం కోసం బాత్రూమ్ స్కేల్ ఉంటే సంచి ఎత్తుకుని నిలబడండి, మీ బరువు తీసేయండి. లేదంటే కిరాణా షాపు అన్నని అడగండి.

ఐదు వ్యాయామాలు

అన్నిటికంటే ముందు వంగడం నేర్చుకోవాలి. గోడకి వీపు పెట్టి, ఒక పాదం దూరం ముందుకి జరిగి నిలబడండి. మోకాళ్ళు కొద్దిగా వదులు చేసి, పిరుదుల్ని వెనక్కి నెట్టి గోడకి తాకించండి. వీపు నిటారుగా, ఛాతీ ముందుకి. వంగింది నడుం దగ్గర కాదు, తుంటి దగ్గర. ఇది పదిసార్లు సులువుగా వచ్చాకే సంచి ముట్టుకోండి.

మొదటిది, నేల నుంచి ఎత్తడం. సంచి పాదాల మధ్యకి వచ్చేలా నిలబడండి. తుంటి వెనక్కి, మోకాళ్ళు వంచి, వేళ్ళు సంచి పొట్ట కిందికి పోనివ్వండి. గాలి పీల్చి, ఎవరో పొట్ట మీద గుద్దబోతున్నట్టు బిగించండి. నేలని కాళ్ళతో తోస్తున్నట్టు లేవండి. దించేటప్పుడు కూడా అదే దారి. ధబేల్మని పడేయకండి, కింద ఫ్లాట్ వాళ్ళు పైకొస్తారు. ఒక పాత బొంత పరిస్తే ఇంకా మంచిది.

రెండోది, కౌగిలి బస్కీలు. సంచిని మోకాళ్ళ దాకా ఎత్తి, కిందికి కూర్చుంటూ తొడల మీద ఆనించండి. రెండు చేతులూ చుట్టూ పోనిచ్చి గట్టిగా కౌగిలించుకుని లేవండి. ఇప్పుడు బస్కీలు తీయండి. మోకాళ్ళు లోపలికి వాలకూడదు. ఛాతీ మీద బరువుతో ఊపిరి కష్టంగా అనిపిస్తుంది. చిన్న చిన్న శ్వాసలు తీసుకోవడం అలవాటవుతుంది.

మూడోది, వంగి లాగడం. తుంటి దగ్గర వంగి, సంచిని పొట్ట వైపు లాగి, నెమ్మదిగా దించాలి. వీపుకి మంచిది. రోజంతా ఫోన్ మీదికి వంగే మనందరికీ ఇది అవసరం.

నాలుగోది, కౌగిలి నడక. హత్తుకుని నడవడమే. చిన్న అడుగులు, చూపు ముందుకి. సంచి కిందికి జారుతుంటే ఆగి, దించి, మళ్ళీ ఎత్తుకోండి. వెనక్కి వాలిపోయి పొట్ట మీద మోయొద్దు. ఈ ఐదింటిలో ఒక్కటే చేయడానికి టైముందంటే నేను ఇదే చెప్తాను.

ఐదోది, భుజానికెత్తడం. మూడో వారం వరకు దీని జోలికి వెళ్ళకండి. ఒడిలోంచి లేస్తూ, తుంటిని గట్టిగా ముందుకి నెట్టి, ఆ ఊపుతో సంచిని ఒక భుజం మీదికి దొర్లించాలి. చేతులతో లాగేది కాదు, తుంటితో తోసేది. ఒకసారి కుడి, ఒకసారి ఎడమ.

ఎనిమిది వారాల ప్లాన్

మగవాళ్ళు కొత్తగా మొదలుపెడితే 15 నుంచి 20 కిలోలు, ఆడవాళ్ళు 8 నుంచి 12 కిలోలు. ఇది నా అనుభవంలో పనికొచ్చిన అంచనా. మీకు బరువనిపిస్తే తగ్గించండి, సిగ్గేం లేదు. సోమ, బుధ, శుక్రవారాలు చేద్దాం. కండరాల వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తోంది. కాబట్టి ఒక రోజు తప్పినా కంగారు పడొద్దు.

మొదటి రెండు వారాలు: ఎత్తడం 8 సార్లు, బస్కీలు 8, లాగడం 8. ఒక్కోటి మూడు సెట్లు. చివర్లో 30 అడుగుల కౌగిలి నడక నాలుగుసార్లు. సెట్ల మధ్య రెండు నిమిషాలు ఆగండి.

మూడు, నాలుగు వారాలు: మొదట్లోనే, ఒళ్ళు తాజాగా ఉన్నప్పుడు, భుజానికెత్తడం ఒక్కో పక్క ఐదుసార్లు. మిగతావన్నీ అలాగే.

ఐదు, ఆరు వారాలు: సెట్‌కి 10 సార్లు. నడక 50 అడుగులు.

ఏడో వారం: బరువు పెంచి మళ్ళీ 8కి రండి. ఎనిమిదో వారం: రెండు రోజులు తేలిగ్గా, శుక్రవారం పరీక్ష.

బరువు పెంచే రూల్ ఒక్కటే. మూడు సెట్లూ 10 సార్లు చేశాక, "ఇంకో రెండు చేయగలను" అనిపిస్తే ఒక రెండు కిలోల ప్యాకెట్ వేయండి. అనిపించకపోతే వేయకండి. సంచి ఎక్కడికీ పారిపోదు.

పరీక్ష ఏంటంటే, మీ సంచిని నేల మీంచి ఎత్తి, కౌగిలించుకుని, 100 అడుగులు నడిచి, చప్పుడు కాకుండా కింద పెట్టాలి. మగవాళ్ళకి ఎప్పటికైనా చేరాల్సిన గుర్తు సిలిండర్ బరువు, అంటే 30 కిలోలు. ఆడవాళ్ళకి 20. ఎనిమిది వారాల్లోనే రావాలని లేదు. చప్పుడు కాకుండా పెట్టడం ఎందుకంటే, ఎత్తడం కంటే దించడంలోనే అదుపు తెలుస్తుంది. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టేటప్పుడు మనకి కావాల్సింది ఆ అదుపే.

ఎవరు ఆగాలి, ఇది ఏం చేయలేదు

హెర్నియా ఉన్నవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు, గుండె సమస్య ఉన్నవాళ్ళు, గర్భిణులు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు. నడుం నుంచి కాలి కిందిదాకా నొప్పి గుంజుతున్నా, తిమ్మిరెక్కుతున్నా వెంటనే ఆపేయండి. కండరాలు రెండు రోజులు సలపడం మామూలే. కీలులో పొడిచినట్టు నొప్పి మామూలు కాదు. ఎండాకాలం డాబా మీద మధ్యాహ్నం చేయకండి, పొద్దున్నే కానిచ్చేయండి.

ఇసుక సంచి అన్నీ చేసేస్తుందని నేను చెప్పను. వీలైనంత ఎక్కువ బరువు ఎత్తాలన్నదే మీ గోల్ అయితే బార్‌బెల్ మెరుగు, అందులో బరువుని లెక్కగా పెంచుకోవచ్చు. పైనుంచి కిందికి లాగే బలం దీంతో రాదు, దానికి పుల్అప్స్ కలపండి. తెలంగాణలో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రిపేర్ అయ్యే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ ఉంటాయి. సంచి మీ తుంటికి, కాళ్ళకి బలం ఇస్తుంది కానీ గ్రౌండ్‌లో పరిగెత్తే ప్రాక్టీస్‌కి బదులు కాదు.

ఇక ఈ వారం హోంవర్క్. సంచి ఇంకా రెడీ కాకపోయినా పర్లేదు. మీ ఇంట్లో బరువులు ఎవరెత్తుతున్నారో ఒక్క రోజు గమనించండి. నీళ్ళ బిందె, బియ్యం బస్తా, పిల్లలు, మంచాన ఉన్న పెద్దవాళ్ళు. ఎవరెత్తుతున్నారు, ఎలా వంగుతున్నారు, నడుం పట్టుకుంటున్నారా అని చూడండి. వాళ్ళకి గోడ దగ్గర వంగడం నేర్పండి. ఆ తర్వాత రెండు సంచులు కుట్టించండి, ఒకటి మీకు, ఒకటి వాళ్ళకి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఇదే సంచితో మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు చేసుకోగలిగే తేలిక వ్యాయామాలు చూద్దాం. అప్పటిదాకా దగ్గరగా పట్టుకోండి, నెమ్మదిగా దించండి.